ఆఖరి రోజు ఆదివారం పడితే

(సంఘం మండల కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధరల గురించి, కౌలు కార్డుల గురించి పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుకున్నాం. నాకు అప్పజెప్పింది చిన్న విషయం. కాయితం ఎప్పటిలోగా పెట్టాలి, ఆ ఆఖరి రోజు సెలవు పడితే ఏం చెయ్యాలి అని. "దీనికి కూడా ఒక క్లాసెందుకన్నా?" అని ఇందాక టీ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, ఇది లాయర్లు చెప్పాల్సిన పాఠం. నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. అయితే ఇన్నేళ్ళుగా మన సభ్యుల కాయితాలు చంకన పెట్టుకుని ఆర్డీవో ఆఫీసుకీ, కలెక్టరాఫీసుకీ, కోర్టుకీ తిరిగినవాణ్ణి. మన వైపు న్యాయం ఉండి కూడా ఒక్క రోజు తేడాతో పోగొట్టుకున్న రైతుల్ని చూశాను. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ముందు నా సంగతే చెబుతాను.

2013 చట్టం రాకముందు మాట. మా అన్నదమ్ముల ఉమ్మడి పొలంలో కొంత కాలవ కింద పోయింది. అవార్డు నోటీసు ఇంటికొచ్చింది. పరిహారం చాలకపోతే ఆరు వారాల్లోగా అర్జీ పెట్టుకుంటే కోర్టుకు పంపుతారని తెలుసు. నేను క్యాలెండరు ముందేసుకుని ఆదివారాలు తీసేశాను, రెండో శనివారం తీసేశాను, మధ్యలో దసరా వస్తే ఆ సెలవులూ తీసేశాను. ఆఫీసు పనిచేసే రోజులే లెక్క అనుకున్నాను. నా లెక్క ప్రకారం ఇంకా వారం టైముండగా అర్జీ పట్టుకుని వెళ్ళాను. గుమస్తా క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కపెట్టి, "గడువు దాటి అయిదు రోజులైంది, పెద్దాయనా" అన్నాడు. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, ఆ పిలుపు ఇంకా గుర్తుంది. మా గట్టు పక్క రైతు సరైన రోజున పెట్టాడు. కొన్నేళ్ళకు కోర్టులో ఆయనకు పరిహారం పెరిగింది. అలా పక్కవాడికి పెరిగితే, అర్జీ పెట్టనివాళ్ళు కూడా మూడు నెలల్లోగా అడగొచ్చని పాత చట్టంలో 28-ఏ అనే సెక్షన్ ఉండేది. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆ మూడు నెలలు కూడా దాటిపోయాయి. ఒకే పొలానికి రెండు గడువులు పోగొట్టుకున్నాను.

నేను చేసిన తప్పు దగ్గరే మొదలుపెడదాం. చట్టంలో ముప్పై రోజులు, అరవై రోజులు అని రాస్తే మధ్యలో వచ్చే ఆదివారాలు, పండగలు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక్కటి కూడా తీసెయ్యకూడదు. తీసెయ్యాల్సింది మొదటి రోజు మాత్రమే. ఆర్డరు మనకు ఏ రోజున అందిందో ఆ రోజును వదిలేసి మర్నాటి నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. ఇక ఆఖరి రోజున కోర్టు గాని ఆఫీసు గాని మూసి ఉంటే, మళ్ళీ తెరిచిన రోజున పెట్టినా చెల్లుతుంది. కోర్టు కేసులకు, అప్పీళ్ళకు ఈ మాట 1963 లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్‌లో ఉంది. మిగతా ఆఫీసుల్లో పెట్టే కాయితాలకు 1897 జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్‌లో ఉంది.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడతారు. సెలవు వల్ల గడువు పెరిగిందనుకుంటారు. గడువు పెరగదు. తెరిచిన ఆ ఒక్క రోజున పెట్టుకోవడానికి తలుపు తీసి ఉంచుతారు, అంతే. సోమవారం తెరిచారనుకోండి, సోమవారం పెడితే సరే. ఊళ్ళో పెళ్ళి ఉంది, మంగళవారం వెళ్దాం అంటే ఆలస్యమైనట్టే లెక్క.

ఇప్పటి భూసేకరణ చట్టంతోనే ఉదాహరణ చెబుతాను. 2013 చట్టం 64వ సెక్షన్ కింద, అవార్డు ప్రకటించినప్పుడు మనం గాని మన తరఫు మనిషి గాని అక్కడ ఉంటే ఆ రోజు నుంచి ఆరు వారాలు. లేకపోతే కలెక్టరు నోటీసు అందిన రోజు నుంచి ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఈ రెంటిలో ఏది ముందు ముగిస్తే అది. వారాల లెక్కలో ఒక సుఖం ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టక్కర్లేదు, ఏ వారం నోటీసు అందితే ఆరో ఆ వారమే ఆఖరి రోజు. 2026 మార్చి 28, శనివారం నాడు నోటీసు అందిందనుకోండి. ఆరు వారాలకు మే 9, శనివారం. అది రెండో శనివారం, ఆఫీసు ఉండదు. 10 ఆదివారం. 11వ తేదీ సోమవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా కాయితం లోపల పడాలి.

పాత చట్టంలో లేని వెసులుబాటు ఒకటి ఇందులో ఉంది. తగిన కారణం చూపిస్తే గడువు దాటాక కూడా ఇంకో ఏడాది లోపు అర్జీ తీసుకునే అధికారం కలెక్టరుకు ఇచ్చారు. ఆ అధికారం ఆయనకు నమ్మకం కలిగితేనే. దాన్ని మన హక్కనుకుని ఇంట్లో కూర్చోకండి. అలాగే నా 28-ఏ లాంటిది కొత్త చట్టంలో 73వ సెక్షన్‌గా ఉంది. ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయిన పక్క రైతుకు అథారిటీ పరిహారం పెంచితే, మీరు అర్జీ పెట్టకపోయినా, ఆ తీర్పు తేదీ నుంచి మూడు నెలల్లో అడగొచ్చు. ఆ తీర్పు వచ్చినట్టు మీకెవరూ ఉత్తరం రాయరు. అందుకే మండల కార్యదర్శులు ఆ కేసుల వాయిదాలు డైరీలో రాసుకోవాలని నేను ప్రతి మీటింగులో మొత్తుకుంటుంటాను.

ఆరు నెలల లెక్క గురించి కూడా ఒక మాట. మనకు తెలియకుండా ఆఫీసులో సంతకం పెట్టి బీరువాలో పెట్టిన తేదీ అవార్డు తేదీ కాదని, సంబంధిత వ్యక్తికి తెలిసిన రోజు గాని, తెలిసే అవకాశం కలిగిన రోజు గాని చూడాలని సుప్రీంకోర్టు 1961లోనే, రాజా హరీశ్ చంద్ర రాజ్ సింగ్ కేసులో, పాత చట్టం కింద చెప్పింది. మనకు బలమైన తీర్పే. కాకపోతే ఆ వాదన దాకా వెళ్ళకుండా, తెలిసిన వారంలోనే కాయితం పెట్టడం మంచిది.

మూసి ఉండటం అంటే ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. కోర్టు పనివేళల్లో కొంతసేపు మూసి ఉన్నా ఆ రోజు మూసినట్టే లెక్క అని 4వ సెక్షన్ కిందే వివరణ ఉంది. ఎవరైనా పెద్దమనిషి పోయారని మధ్యాహ్నం నుంచి సెలవిస్తే ఇది మనకు పనికొస్తుంది. ఆప్షనల్ హాలిడే అలా కాదు. గుమస్తా రాలేదు గాని ఆఫీసు తెరిచే ఉంది. బందు రోజున బస్సులు తిరగకపోవచ్చు, ఆఫీసు తెరిచి ఉంటే తెరిచినట్టే. లాయర్లు విధులు బహిష్కరించిన రోజున కూడా అంతే. వాళ్ళు కోర్టులోకి వెళ్ళకపోతే కోర్టు మూసినట్టు కాదు, ఫైలింగ్ కౌంటరు పనిచేస్తూనే ఉంటుంది. "ఈ వారమంతా బాయ్‌కాట్, వచ్చే వారం చూద్దాం" అని మీ లాయరు అంటే గడువు ఎప్పటిదాకా ఉందో ఆయన చేత తారీఖు వేయించి చెప్పించుకోండి. రంజాన్ లాంటి పండగలకు నెలవంకను బట్టి సెలవు ఒక రోజు అటూ ఇటూ మారుతుంది. క్యాలెండర్లో ఎర్ర అంకె చూసి మోసపోవద్దు. ముందు రోజు ఆఫీసుకు ఫోను చేసి కనుక్కోవడం నయం.

రోజులు వేరు, నెలలు వేరు. మూడు నెలలంటే తొంభై రోజులు కాదు. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం ఒక కాంట్రాక్టరు మీద నడిపిన కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇది తేల్చింది. ఆ కేసు చెప్పుకోదగ్గది. మధ్యవర్తి తీర్పు కాపీ 2007 నవంబరు 10న ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు శనివారం, ఆఫీసుకు సెలవు. అక్కడున్న చిన్న ఉద్యోగి తీసుకున్నాడు. మర్నాడు ఆదివారం. సెలవు రోజున బంట్రోతు చేతికి ఇస్తే ఆఫీసుకు అందినట్టు కాదు, సోమవారం 12న అందినట్టు లెక్క అని కోర్టు ఒప్పుకుంది. అక్కణ్ణుంచి మూడు నెలలు 2008 ఫిబ్రవరి 12కి, ఆపైన ముప్పై రోజులు మార్చి 13కి ముగిశాయి. ప్రభుత్వం మార్చి 11న వేసింది. రెండు రోజులుండగా గట్టెక్కింది. ఆదివారం విలువ సర్కారుకు బాగా తెలుసు. మన రైతుకు మాత్రం సెలవు రోజున కూడా ఇంటి దగ్గరే ఆఫీసు. ఆదివారం పోస్టుమాన్ తెచ్చినా, పిల్లాడి చేత సంతకం పెట్టించుకున్నా, అందినట్టే చూస్తారనుకుని జాగ్రత్త పడండి.

ఇప్పుడు అసలు ప్రమాదకరమైన సంగతికి వస్తున్నాను. జాతీయ రహదారుల కింద భూములు పోతున్న మండలాల వాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, ఇది రాసుకోండి. హైవే భూములకు 2013 చట్టం దారి వేరు, 1956 జాతీయ రహదారుల చట్టం దారి వేరు. మొదట 3ఏ నోటిఫికేషన్ గెజిట్లో వస్తుంది. దాని మీద అభ్యంతరానికి 21 రోజులే. పేపర్లో ప్రకటన చూసిన తేదీ నుంచి కాకుండా గెజిట్ తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. తర్వాత పరిహారం నిర్ణయిస్తారు. చాలకపోతే మధ్యవర్తి దగ్గరికి, మన దగ్గర సాధారణంగా జిల్లా కలెక్టరే ఆ మధ్యవర్తి. ఆయన తీర్పు కూడా నచ్చకపోతే ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్ళాలి. దీనికి తీర్పు కాపీ అందినప్పటి నుంచి మూడు నెలలు. తగిన కారణం చూపిస్తే ఇంకో ముప్పై రోజులు. ఆపైన ఒక్క రోజు కూడా లేదు.

ఈ రెండింట్లో సెలవు లెక్క ఒకేలా ఉండదు. 2012లో అస్సాం పట్టణ నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, కోర్టు మూసి ఉంటే తెరిచిన రోజున పెట్టుకోవచ్చన్న వెసులుబాటు చట్టం నిర్ణయించిన అసలు గడువుకే, అంటే మూడు నెలలకే వర్తిస్తుంది. దయతో ఇచ్చే ఆ ముప్పై రోజులకు వర్తించదు. ఆ కేసులో కాపీ 2003 ఆగస్టు 26న అందింది. మూడు నెలలు నవంబరు 26తో పోయాయి. ముప్పై రోజులు డిసెంబరు 26తో ముగిశాయి. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా కోర్టుకు క్రిస్మస్ సెలవులు. జనవరి 2న తెరిచిన రోజునే వేశారు. చెల్లదన్నారు. 2025 జనవరిలో ఇంకో కేసులోనూ ఇదే మాట ఖాయం చేశారు. జనరల్ క్లాజెస్ చట్టం పట్టుకొచ్చినా లాభం లేదన్నారు.

మన లెక్కలో చూద్దాం. మేలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. ఒక రైతుకు కాపీ ఫిబ్రవరి 12న అందింది. మూడు నెలలు మే 12తో ముగుస్తాయి, కోర్టు మూసి ఉంది. జూన్‌లో తెరిచిన రోజున వేస్తే ఆయన భద్రం. ఆయన వియ్యంకుడికి కాపీ జనవరి 27న అందింది. మూడు నెలలు ఏప్రిల్ 27తో అయిపోయాయి. ఆ రోజు కోర్టు తెరిచే ఉంది, ఈయన వెళ్ళలేదు. ముప్పై రోజులు మే 27తో అయిపోతాయి, అప్పుడు కోర్టు లేదు. ఇద్దరూ ఒకే జీపులో జూన్‌లో ఒకే రోజున వెళ్ళి వేశారు. మొదటాయన కేసు విచారణకు వస్తుంది, వియ్యంకుడిది గుమ్మంలోనే పోతుంది. ఇందులో న్యాయమెక్కడుందని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇదే కత్తి హైవే సంస్థ మీదా పడుతుంది, నిజమే. వాళ్ళకు జీతమిచ్చి పెట్టుకున్న లాయర్ల ప్యానెల్ ఉంది. మనకు క్యాలెండరొక్కటే ఉంది. ఈ నిబంధన మార్చమని సంఘం తీర్మానం చెయ్యాలన్నది నా అభిప్రాయం. అది మారేదాకా మీ మనసులో మూడు నెలలే గడువు, ముప్పై రోజుల మాట ఎవరూ చెప్పలేదనుకోండి.

ఇక చెక్కుల సంగతి. మిర్చి, పత్తి అమ్మిన డబ్బుకు వ్యాపారి ఇచ్చిన చెక్కు బౌన్సయితే, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి అతనికి 15 రోజులు. కట్టకపోతే ఆపైన నెల రోజుల్లో కోర్టులో ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చెప్పి క్షమించమనొచ్చు. నోటీసు ఆలస్యమైతే క్షమాపణ లేదు. పైగా నోటీసు మనం వ్యాపారికి పంపే ఉత్తరం, కోర్టులోనో ఆఫీసులోనో దాఖలు చేసేది కాదు. ఆదివారం పడింది కాబట్టి సోమవారం పంపాను అంటే ఆ 10వ సెక్షన్ అండగా నిలుస్తుందని నమ్మకండి. సంక్రాంతికి ముందు బౌన్సయిన చెక్కు పట్టుకుని, పండగ పోనీ, శివరాత్రి రానీ అని ఆగినవాళ్ళను చూశాను. అలా దాటిపోయినవాళ్ళకూ ఒక దారి ఉంది. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు ఇంకా దాటకపోతే మళ్ళీ బ్యాంకులో వెయ్యండి. మళ్ళీ బౌన్సయితే కొత్తగా 30 రోజులు మొదలవుతాయని 2013లో రిపోర్టయిన ఎమ్మెస్సార్ లెదర్స్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అదీ పోతే సివిల్ దావాకు మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళు దాటితే మాత్రం ఏ కారణమూ పనికిరాదు. ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షన్ అప్పీళ్ళకు, అర్జీలకే గాని దావాలకు లేదు. ఎదుటివాడు గడువు మాట ఎత్తకపోయినా జడ్జిగారే కొట్టెయ్యాలని 3వ సెక్షన్ చెబుతుంది.

గంటల్లో పెట్టిన గడువు ఒకటుంది. ఫసల్ బీమాలో నోటిఫై అయిన పంటకు వడగళ్ళ లాంటి స్థానిక నష్టం జరిగినా, కోసి పొలంలో ఆరబెట్టిన పంట వానకు తడిసినా 72 గంటల్లో తెలియజెయ్యాలి. శుక్రవారం రాత్రి వడగళ్ళు పడితే సోమవారం రాత్రికి అయిపోయింది. ఆదివారం వ్యవసాయాధికారి ఉండడనుకోకండి, అందుకే ఫోను నంబరు, యాప్ పెట్టారు. ఫోను చేసినప్పుడు వాళ్ళిచ్చే నంబరు రాసుకోండి. పాసుబుక్కు వెనకైనా సరే.

అప్పీలుకు వెళ్ళేవాళ్ళకు కొంచెం ఊపిరాడే సంగతి చెబుతాను. కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెడితే, ఆ కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. 12వ సెక్షన్. కాపీ వెనక దరఖాస్తు తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, ఇచ్చిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ అన్నీ వేసి ఉంటాయి. సిద్ధమైన తర్వాత మనం తెచ్చుకోకుండా ఉన్న రోజులు మన ఖాతాలోకే వస్తాయి. స్టాంపులు అడిగాక ఆలస్యం చేసినవి కూడా అంతే. అందుకని తీర్పు రోజునే కాపీ దరఖాస్తు పెట్టించండి. "అప్పీలుకు వెళ్ళాలా వద్దా ఆలోచించుకుని చెబుతాం" అనే రైతులు ఉంటారు. ఆలోచన ఇంటి దగ్గర చేసుకోవచ్చు, దరఖాస్తు మాత్రం ఆ రోజే పడాలి.

ఆఖరికి, సోమవారం గ్రీవెన్స్ గురించి. దీనికి మీలో చాలామంది నొచ్చుకుంటారు, ఎందుకంటే మన సంఘం వాళ్ళే ముందుండి జనాన్ని తీసుకెళతారు. కలెక్టరుగారికి వినతి పత్రం ఇచ్చాం, ఫొటో దిగాం, పేపర్లో వచ్చింది. అది అప్పీలు కాదు. పరిహారం చాలలేదు, న్యాయం చెయ్యండి అని గ్రీవెన్సులో ఇచ్చిన కాయితం 64వ సెక్షన్ అర్జీ కాదని రేపు అవతలి లాయరు అంటే మన దగ్గర సమాధానం ఉండదు. రెండేళ్ళ కిందట ఒక ఊళ్ళో పదకొండు మంది ఇలాగే నాలుగు సోమవారాలు వరసగా వెళ్ళారు. అయిదో సోమవారం వెళ్ళేముందు ఒక ఆడకూతురు నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఇవన్నీ ఇస్తున్నాం గానీ దీనికేమైనా తారీఖు ఉంటుందా?" అని అడిగింది. నోటీసు తీసి చూస్తే ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో పదకొండు అర్జీలు సెక్షన్ పేరు రాసి, సర్వే నంబర్లు, అభ్యంతరం ఏమిటో రాసి ఇన్‌వార్డులో ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. గ్రీవెన్సుకు వెళ్ళండి, ధర్నా చెయ్యండి, నేనూ వస్తాను. దానికి ముందు ఆ ముద్ర పడ్డ నకలు మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి.

ముద్ర వెయ్యమంటే కొన్నిచోట్ల "రేపు రండి" అంటారు. అప్పుడు గొడవపడి టైము పోగొట్టుకోకుండా అదే రోజున అక్నాలెడ్జిమెంటుతో పోస్టులో కూడా పంపండి. పోస్టులో వేసిన తేదీ కాకుండా ఆఫీసుకు చేరిన తేదీ చూస్తారు కాబట్టి ఇది ఆఖరి రోజున చేసే పని కాదు, వారం ముందు చేసేది.

భోజనాల తర్వాత నేను ఈ హాల్లోనే కూర్చుంటాను. నోటీసులు, ఆర్డర్లు, బౌన్సయిన చెక్కులు తెచ్చుకున్నవాళ్ళు కవరుతో సహా తీసుకురండి. కవరు పారేయకండి, దాని మీదే పోస్టాఫీసు ముద్ర ఉంటుంది. ఒక్కొక్కటీ చూసి ఆఖరి తారీఖు దాని మూల మీద పెన్సిలుతో రాసిస్తాను. నా లెక్క మీద మీకు అనుమానముంటే, ఉండాలి కూడా, మధ్యాహ్నం మూడింటికి మన సంఘం లాయరుగారు వస్తున్నారు, ఆయన చేత కూడా సరిచూపించుకుందాం.